తప్పు సీసానిది కాదు, మేకులది

మొన్న ఇంగ్లండులో మా ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకావిడ తన బే విండో (ముందుగోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన కిటికీ) పైకప్పు కురుస్తోందని ఫొటో పెట్టింది, ఏం చేయించమంటారు అని. పావుగంటలో పద్నాలుగు సలహాలు. "ఆ లెడ్డు పీకించేసి ఫైబర్‌గ్లాస్ వేయించండి, ఇరవయ్యేళ్ళ గ్యారంటీ", "లెడ్డు పాతకాలం సరుకండీ, ఎండకి పగిలిపోద్ది", "పైగా విషం", "పైగా దొంగలెత్తుకుపోతారు". నాలుగు మెసేజుల్లో లెడ్డు మీద, అంటే సీసం మీద తీర్పు చెప్పేసి, ఎవరిదో పుట్టినరోజు కేకు ఫొటో వస్తే అందరూ అటెళ్ళిపోయారు. నేను మాత్రం ఆవిడ ఫొటో జూమ్ చేసి చూశా. పొడుగాటి రేకు, ఒకే ముక్క, నాలుగువైపులా మేకులు కొట్టి బిగించేశారు, నడిమధ్యలో చీలిక. నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి, ఎందుకంటే అచ్చం అలాంటి ఫొటోనే మూడేళ్ళ కిందట అదే గ్రూపులో నేను పెట్టా, అవే సలహాలు వచ్చాయి. రిప్లై టైప్ చేయడం మొదలెడితే ఆగలేదు, అంత గ్రూపులో పెడితే నన్ను తీసేస్తారు, అందుకని ఇక్కడ.

ముందే చెప్తున్నా, నేను రూఫర్ని కాదు. జీతాల లెక్కలు చూసుకునే ఉద్యోగం నాది. సీసం అంటే నాకు తెలిసింది స్కూల్లో కంఠతా పట్టిన సీస పద్యం ఒక్కటే. కాబట్టి ఇందులో ఉన్న తెలివంతా మా ఇంటి కప్పు వేసిన ముసలాయనది, రైల్వేలో పట్టాల మీద ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన మా నాన్నగారిది. వాదన మాత్రం నాది.

మాది షెఫీల్డ్‌లో నూటపాతికేళ్ళ నాటి రాతి ఇల్లు, వరసలో ఒకటి. మా బే విండో నెత్తిన వేరే చిన్న కప్పు. 2.6 మీటర్ల పొడుగు, ముప్పావు మీటరు వెడల్పు, అంతే. మన డాబా మీద వడియాలు ఎండబెట్టే చాప కన్నా కాస్త పెద్దది. ఆ చాపంత కప్పు నా చేత ఎంత ఖర్చు పెట్టించిందో చెప్తే మా అత్తగారు ఇప్పటికీ నమ్మరు. కురవడం మొదలైన మొదటి చలికాలం నేనే నిచ్చెనెక్కి, తారు పూసిన టేపు చీలిక మీద అంటించా. మనకి అలవాటే కదా, డాబా కురిస్తే ఓ డబ్బా తారు తెచ్చి పూసేయడం. ఎండొచ్చేసరికి టేపు ముడతలు పడి లేచింది. రెండోసారి సిలికాన్ ట్యూబు. అదీ వేసవి దాటలేదు. మూడోసారి ఒక బిల్డర్ని పిలిస్తే చీలిక మీద ఇంకో సీసం ముక్క పెట్టి మళ్ళీ మేకులు కొట్టి మూడొందల పౌండ్లు పట్టుకెళ్ళాడు. ఆ మేకుల దగ్గరే రెండు కొత్త చీలికలొచ్చాయి.

అప్పుడు పక్కింటావిడ చెప్తే ఈ ముసలాయన్ని పిలిచా. డెబ్బైకి దగ్గర్లో ఉంటాడు, పదహారో ఏట పనిలో చేరాట్ట, సీసం తప్ప ఇంకేం పట్టుకోడు. మా బుడ్డోడు మొదటిరోజే సీసం తాత అని పేరు పెట్టేశాడు. ఆయన వ్యాన్ దిగి, నిచ్చెన కూడా తీయకుండా రోడ్డు మీద నిలబడి చూసి "ఎవరు లవ్, ఇంత పెద్ద ముక్క వేసింది?" అన్నాడు. ఆరు నెలల వీసా మీద వచ్చిన మా నాన్నగారు లోపల్నించి విని ఉలిక్కిపడ్డారు. "ఏంటమ్మా, ఆయన నిన్ను లవ్వంటాడేంటి?" ఇక్కడ బస్సు డ్రైవరు కూడా అలాగే పిలుస్తాడు నాన్నా, రేపు మిమ్మల్నీ అంటాడు చూడండి అన్నా. నిజంగానే అన్నాడు, మర్నాడు టీ ఇచ్చినప్పుడు.

సరే అసలు విషయం. సీసం రేకుకి ఇక్కడ కోడ్ నంబర్లుంటాయి. కోడ్ 3, కోడ్ 4 అలా 8 దాకా, ఆ నంబరు చదరపు అడుగుకి సుమారు ఎన్ని పౌండ్ల బరువో చెప్తుంది. చుట్ట మీద రంగు గీత కూడా ఉంటుంది, 4కి నీలం, 5కి ఎరుపు, 6కి నలుపు. మాకు వేసింది కోడ్ 5, మందం 2.24 మిల్లీమీటర్లు, చదరపు మీటరుకి పాతిక కిలోలు. అంటే చదరపు మీటరుకి ఓ బియ్యం బస్తా. ఇంత బరువుంది కాబట్టి గట్టిదని అనుకుంటాం, గోరుతో గీస్తే గీత పడుతుంది. పైగా మామూలు లోహాల్లాగా ఒక చోట కుదురుగా ఉండదు. కదులుతుంది. ఎంత కదులుతుందో మా నాన్నగారు వంటింట్లో కరెంటు బిల్లు వెనకాల లెక్కేశారు.

ఆయన సామర్లకోట సెక్షన్లో గ్యాంగ్‌మన్‌గా చేరి మేట్‌గా రిటైరయ్యారు. ఇనుము ఎండకి ఎంత సాగుతుందో ఆయనకి పుస్తకం అక్కర్లేదు. "మా 13 మీటర్ల పట్టా, 40 డిగ్రీలు తేడా వస్తే 6 మిల్లీమీటర్లు సాగుద్దమ్మా, అందుకే పట్టాలు కలిపే ఫిష్ ప్లేట్ల దగ్గర గ్యాపు వదిలేవాళ్ళం" అన్నారు. సీసం ఇనుము కన్నా రెండున్నర రెట్లు సాగుతుంది. షెఫీల్డ్‌లో జనవరి రాత్రి మైనస్ 5 ఉంటుంది, జూలైలో ముదురు బూడిదరంగు రేకు ఎండలో మాగితే 60 దాటొచ్చు. అంటే తేడా 65 డిగ్రీలు. మా 2.6 మీటర్ల ముక్క ఆ తేడాకి 5 మిల్లీమీటర్లు సాగాలి. కిటికీ మీది చాపంత రేకు, పదమూడు మీటర్ల రైలు పట్టాకి కొంచెం తక్కువగా కదులుతోందన్నమాట. నాన్నగారు ఆ అంకె కింద రెండు గీతలు గీసి "మరి దీనికి గ్యాపేదీ?" అన్నారు. గ్యాపెక్కడుంది, నాలుగువైపులా మేకులేగా.

మళ్ళీ ఆయనే కాసేపాగి, తనతో తనే పోట్లాడినట్టు, "అయినా మేం గ్యాపులు తీసేశాం కదమ్మా" అన్నారు. ఈ ముక్క దగ్గరే నాకు అసలు సంగతి అర్థమైంది కాబట్టి కాస్త ఓపిక పట్టండి. ఇప్పుడు మెయిన్ లైన్లలో పట్టాలన్నీ వెల్డ్ చేసి కిలోమీటర్ల పొడుగున ఒకటే పట్టా చేసేస్తారు, టకటక చప్పుడు అందుకే పోయింది. అది సాగకుండా ఎలా ఉంటుంది? సాగాలనే ఉంటుంది, కానీ స్లీపర్లూ కంకరా పట్టుకుని సాగనివ్వవు. సాగాల్సినదంతా పట్టా లోపలే ఒత్తిడిగా ఉండిపోతుంది. ఉక్కు ఆ ఒత్తిడిని మోస్తుంది, చల్లబడ్డాక మళ్ళీ మామూలైపోతుంది. అందుకే పట్టాని మరీ ఎండలోనూ కాకుండా మరీ చలిలోనూ కాకుండా ఒక నడిమి టెంపరేచర్ చూసి బిగిస్తారు, ఏప్రిల్ మే నెలల్లో బక్లింగ్ రాకుండా, అంటే పట్టా వంకరపోకుండా, మధ్యాన్నం పూట లైను పొడుగునా నడుస్తారు. మా చిన్నప్పుడు నాన్నగారు తలకి తడిగుడ్డ చుట్టుకుని వెళ్ళేది దానికే.

సీసం అలా మోయలేదు. దీన్ని సీసం తాత ఒక మాటలో "అది అలిసిపోతుంది" అన్నాడు, నాకు చాల్లేదు, రాత్రి కూర్చుని చదివా. సీసం 327 డిగ్రీలకే కరిగిపోతుంది. లోహం తను కరిగే వేడికి (సున్నాని మైనస్ 273 దగ్గర పెట్టి లెక్కేస్తే) సగం దూరం చేరిందంటే లోపల మెత్తబడి, కొంచెం బరువు పెట్టినా మెల్లమెల్లగా జారడం మొదలెడుతుంది. సీసానికి ఆ సగం దూరం మన గది వేడి. అదే ఇనుముకైతే ఆరొందల డిగ్రీలు పైన. అంటే మన హాల్లో టేబుల్ మీద పెట్టిన సీసం ముక్క, కొలిమిలోంచి అప్పుడే తీసిన ఇనుములాంటిది, చేతికి చల్లగా ఉంటుందంతే. కాలిన ఇనుముని నాలుగువైపులా మేకులు కొట్టి "కదలకు" అంటే ఏమవుతుంది? పగలు సాగి ఉబ్బుతుంది, రాత్రి ముడుచుకోవాలని చూస్తుంది, ఉబ్బిన ఉబ్బు పూర్తిగా దిగదు, అక్కడ మడత పడుతుంది, రోజూ అదే మడత, కొన్నేళ్ళకి తీగని అటూ ఇటూ వంచితే తెగినట్టు అక్కడ తెగుతుంది. మా రేకు పీకి కింద పెట్టాక ఆయన ఆ మడతని చేత్తో తడిమి చూపించాడు. దాని అంచులు బ్లేడులా పల్చబడిపోయి ఉన్నాయి.

అందుకని ఈ పనిలో వందలేళ్ళుగా ఉన్నది ఒకటే కిటుకు. చిన్న ముక్కలుగా వెయ్యి, ప్రతి ముక్కనీ ఒక వైపే పట్టు, మిగతా వైపులా వదిలెయ్. కోడ్ 5 అయితే చదునుగా ఉండే కప్పు మీద ఒక్కో ముక్క వెడల్పు 600 మిల్లీమీటర్లు, పొడుగు 2 మీటర్లు మించకూడదు. గోడకీ కప్పుకీ మధ్య వేసే ఫ్లాషింగ్ ఒకటిన్నర మీటరు మించకూడదు. మా 2.6 మీటర్లనీ ఆయన అయిదు ముక్కలు చేశాడు. ముక్కకీ ముక్కకీ మధ్య గుండ్రంగా చెక్కిన కర్ర, రోల్ అంటారు, చపాతీ కర్ర సగం పాతేసినట్టుంటుంది. ఒక ముక్క అంచుని ఆ కర్ర మీదికి ఎక్కించి పైభాగంలో మాత్రం రెండు మూడు రాగి మేకులు కొట్టాడు. పక్క ముక్క అంచు దాని మీద నుంచి దుప్పటిలా కప్పుకుని అవతలికి దిగి, అక్కడ ఓ నాలుగు సెంటీమీటర్లు ఊరికే పడుకుంది. దానికి మేకే లేదు. మేకు ఎక్కడ పడినా దాని నెత్తిన ఇంకో ముక్క ఉంటుంది, అంచేత మేకు కన్నంలోకి చుక్క కూడా వెళ్ళదు. కింద చూరు దగ్గర అంచు గాలికి లేవకుండా క్లిప్పులు, అవీ వదులుగానే, రేకు వాటిలోంచి జారేలా. పిట్టగోడల మీద వేసే క్యాపింగ్‌కీ ఇదే సూత్రం, రెండు వాలులూ కలిసే వెన్ను మీద వేసే దానికీ ఇదే. కర్ర మీద నుంచి రెండు వైపులా రెక్కల్లా దిగాలి, రెక్కలు క్లిప్పుల్లో ఊపిరాడేలా ఉండాలి.

మరి అందరికీ తెలిసిన కిటుకైతే మా ఇంటికి ముందు వేసినవాడు ఎందుకు అలా వేశాడు? సింపుల్. ఒక ముక్క వేస్తే రెండు గంటల పని. అయిదు ముక్కలు, నాలుగు రోల్స్, మూలలు తీర్చడం, గోడలో పాతిక మిల్లీమీటర్ల గాడి తవ్వి ఫ్లాషింగ్ దూర్చి సీసం చీలలతో బిగించడం, ఇదంతా మూడు రోజులు. ఒక ముక్క వేసినా మొదటి పదేళ్ళూ తేడా కనపడదు. కొత్తలో రెండూ వెండిలా మెరుస్తాయి, రెండూ నీళ్ళు ఆపుతాయి. పదేళ్ళకి పగిలేసరికి ఇల్లు చేతులు మారుతుంది, కొన్నవాడికి లెడ్డు చెడ్డదనిపిస్తుంది. ఇదీ నా అసలు ఫిర్యాదు. సీసం పగిలిందని చెప్పే కథల్లో నేను దగ్గరికెళ్ళి చూసినవన్నీ పెద్ద ముక్క వేసిన కథలే, టైం మిగుల్చుకున్న కథలే. ఫైబర్‌గ్లాసు వాడు ఇరవయ్యేళ్ళ గ్యారంటీ ఇస్తున్నాడని మురిసిపోతున్నాం, సరిగ్గా వేసిన సీసం వందేళ్ళు దాటడం ఈ దేశంలో వింతేం కాదు, కాకపోతే వందేళ్ళకి గ్యారంటీ కాగితం ఇవ్వడానికి ఎవడూ బతికుండడు.

నమ్మకం లేకపోతే షెఫీల్డ్ నుంచి పావుగంట రైలెక్కి చెస్టర్‌ఫీల్డ్ వెళ్ళండి. నేను నాన్నగారిని తీసుకెళ్ళింది నిజానికి వేరే పని మీద. రైలింజన్ల పెద్దాయన జార్జ్ స్టీఫెన్‌సన్ 1848లో పోయింది ఆ ఊళ్ళోనే, సమాధి అక్కడి హోలీ ట్రినిటీ చర్చిలో ఉంది, స్టేషన్ బయట విగ్రహం కూడా ఉంది. రైల్వే మనిషికి అది కాశీ లాంటిది కదా. కానీ రైలు స్టేషన్లోకి వస్తుండగానే నాన్నగారు స్టీఫెన్‌సన్‌ని మర్చిపోయారు. "అదేంటమ్మా, ఆ గోపురం అలా మెలి తిరిగిపోయింది?"

అది సెయింట్ మేరీ అండ్ ఆల్ సెయింట్స్ చర్చి శిఖరం. పద్నాలుగో శతాబ్దానిది, 228 అడుగుల ఎత్తు, ఓక్ కర్రల మీద సీసం తొడుగు. మొత్తం 45 డిగ్రీలు మెలి తిరిగి, తొమ్మిదిన్నర అడుగులు పక్కకి ఒరిగి ఉంటుంది. ఎవరో తడి బట్ట పిండుతూ మధ్యలో వదిలేసినట్టు. దెయ్యం తోక చుట్టిందని ఒక కథ, కన్నెపిల్ల పెళ్ళికూతురు గుళ్ళోకొస్తే ఆశ్చర్యపోయి తిరిగి చూసిందని ఇంకో కథ, రెండోది ఊరివాళ్ళు ఊరివాళ్ళ మీదే వేసుకున్న జోకు. ఇంజనీర్లు చెప్పేది ఏంటంటే ఓక్ పచ్చిగా ఉన్నప్పుడే వాడేశారు, లోపల అడ్డకర్రలు చాల్లేదు, పైన ముప్పై టన్నులకు పైగా సీసం బరువు, ఎండ ఒక వైపు ఎక్కువ తగలడం. అంటే సీసం కూడా ఆ పాపంలో భాగస్తురాలే, నేనేం దాచట్లేదు.

కానీ కింద నిలబడి తలెత్తి చూస్తే నాకు కనపడింది వేరు. కింద కర్ర అంత మెలి తిరిగినా పైనున్న సీసం దాంతో పాటు తిరిగింది. మీద రేకులు చేప ముల్లులా ఏటవాలుగా, చిన్న చిన్నగా పరిచి ఉంటాయి, ప్రతి రేకూ పక్కదాని మీద ఆనుకుని తన మానాన తను కదులుతుంది. అదే శిఖరానికి గట్టిగా బిగిసిపోయే తొడుగేదైనా వేసుంటే మొదటి మెలికకే ఫెళ్ళుమనేది. నాన్నగారు మెడ నొప్పెట్టేదాకా చూసి "అలైన్‌మెంట్ పోయింది కానీ లైను తెగలేదు" అన్నారు. స్టీఫెన్‌సన్ దగ్గర అయిదు నిమిషాలే ఉన్నాం.

ఇంటికొచ్చి చూస్తే సీసం తాత మూలలు తీరుస్తున్నాడు. దీన్ని బాసింగ్ అంటారు, ఇది చూశాకే నేను పూర్తిగా ఆయన పార్టీ అయిపోయా. రోల్ చివర గుండ్రంగా మూసుకోవాలి, అక్కడ రేకుని కత్తిరించి అతకొచ్చు, గ్యాస్ మంటతో వెల్డింగూ చేస్తారు, కానీ పాత కర్రలున్న కప్పుల మీద మంట పెట్టడం ఆయనకి ఇష్టం లేదు. అందుకని కొట్టే తీరుస్తాడు. చేతిలో చెక్క సుత్తి, ఇంకో చేతిలో డ్రెసర్ అనే చదునైన చెక్క. దబదబా కొట్టడం కాదు, టప్ టప్ మని నెమ్మదిగా, సీసాన్ని ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి నడిపించుకుంటూ పోతాడు. రేకు ముడత పడకూడదు, పల్చబడకూడదు, చిరగకూడదు. మా అమ్మ బొబ్బట్టు చేసేటప్పుడు తోపుని పూర్ణం చుట్టూ వేళ్ళతో సాగదీసి మూసేది, ఒక చోట పల్చనైతే పెనం మీద పూర్ణం బయటికొచ్చేస్తుందని చూపుడువేలితో అటూ ఇటూ పిండి తెచ్చి సర్దేది. అచ్చం అదే. పావుగంటలో చదును రేకు కాస్తా అతుకు లేని టోపీ అయిపోయింది. యూట్యూబ్‌లో చూసి నేనూ ఒక తుంపు ముక్క మీద ప్రయత్నించా, మూడో దెబ్బకే చిరిగింది, ఆయన చూసి ఏమీ అనకుండా ఇంకో ముక్క ఇచ్చాడు.

ఇంకో సంగతి, ఆయన రేకు మీద కొలతలు పెన్సిల్‌తోనే గీస్తాడు, కత్తితో గీయనివ్వడు. కత్తి గీత పడిన చోట మడత పడుతుంది, మడత పడిన చోట కొన్నేళ్ళకి చీలుతుంది. మనం నీళ్ళకి భయపడతాం, ఆయన గీతలకి భయపడతాడు.

అయ్యాక పైన నూనె లాంటిది పూశాడు, లేకపోతే మొదటి వానకి తెల్లటి పొడిలా పైకి తేలి గోడ రాయి మీద చారలు పడతాయి. తర్వాత మెల్లగా నీలంబూడిద రంగుకొచ్చి ఆ పొరే దానికి కాపలా కాస్తుంది. పైవైపు అంతా బానే ఉంటుంది కానీ అడుగువైపే గొడవ, కింద గాలి ఆడకపోతే ఇంట్లో ఆవిరి రేకు కింద నీళ్ళై తినేస్తుంది. మన వంటల ఆవిరి సంగతి తెలిసిందే, రోజూ రెండు పూటలా కుక్కర్ పెట్టే ఇల్లు, అందుకని రేకు కింది చెక్కపలకల మధ్య గాలికి సందులు ఎక్కువే పెట్టమని నేనే అడిగా. పాత రేకు మాత్రం ఆయన తూకం వేసి తీసుకుని బిల్లులో తగ్గించాడు. అది కరిగించి మళ్ళీ రేకు చేస్తారు. చర్చిలకి ఇప్పటికీ పాత పద్ధతిలో, తడి ఇసక పరుపు మీద కరిగిన సీసం పోసి చెక్కతో ఒక్క ఊపున లాగి రేకు తీసేవాళ్ళున్నారు. ఫైబర్‌గ్లాస్ పగిలితే చెత్తకుప్పకే, కరిగించి మళ్ళీ పోసుకునేది కాదు.

బిల్లు 1,850 పౌండ్లు. ఫైబర్‌గ్లాస్ కొటేషన్ 700. రెండున్నర రెట్లు కన్నా ఎక్కువే. డబ్బుల్లేనివాళ్ళకి నేను నీతులు చెప్పను, కురుస్తున్న ఇంట్లో పిల్లలుంటే ఏది దొరికితే అది వేయించుకోండి. నేను అనేది ఒకటే, ఆ 700 వేయించుకునేటప్పుడు "లెడ్డు చెడ్డది కాబట్టి" అనకండి, "నాకు ఇప్పుడు కుదరదు కాబట్టి" అనండి.

విషం సంగతి. ఇది తేలిగ్గా తీసుకునేది కాదు, సీసం ప్రేమికులు చాలామంది ఇక్కడే మాట మారుస్తారు. సీసం విషమే. మా పక్కనే ఉన్న డెర్బీషైర్ సీసం గనుల పల్లెల్లో ఆ రోగానికి బెలండ్ అని సొంత పేరే ఉండేది, పశువులకీ వచ్చేది. సీసం తాత టీ తాగేముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటాడు, బిస్కెట్ కూడా ముట్టడు అప్పటిదాకా, రక్తపరీక్షలు చేయించుకుంటాడు. 2019 ఏప్రిల్ 15న పారిస్ నోత్రదామ్ చర్చి తగలబడినప్పుడు కప్పు మీదా శిఖరం మీదా కలిపి నాలుగొందల టన్నులకు పైగా సీసం ఉంది, ఆ ధూళి చుట్టుపక్కల పడి స్కూళ్ళు మూసి కడగాల్సొచ్చింది. అయినా మళ్ళీ సీసమే వేశారు, 2024 డిసెంబర్లో తలుపులు తెరిచారు. మళ్ళీ సీసమా అని గొడవ చేసిన తల్లిదండ్రులు తెలివితక్కువవాళ్ళేం కాదు, వాళ్ళ పిల్లలు ఆ వీధిలోనే ఆడుకుంటారు. నా మట్టుకు నేను ఎక్కడ గీత గీశానంటే, పాత కట్టడం సీసానికనే కట్టి ఉంటే సీసమే ఉండనివ్వండి, కొత్త స్కూలుకీ పార్కులో షెడ్డుకీ మాత్రం వద్దు. మా ఇంట్లో కూడా బే విండో మీది నీళ్ళు పీపాలో పట్టి గోంగూరకీ కొత్తిమీరకీ పోసేదాన్ని, మానేశా. ఇప్పుడా పీపా చామంతులకే.

అయినా మనకి సీసం ఏదో తెల్లవాళ్ళ వింత వస్తువైనట్టు గ్రూపులో మాట్లాడారు చూడండి, దానికి మాత్రం నవ్వొచ్చింది. ఆయుర్వేదంలో నాగం అంటే ఇదే. శాతవాహనులు నాణేలే సీసంతో వేయించారు, కోటిలింగాల, పెద్దబంకూరు వైపు దొరికాయి కూడా. మొదటి శతాబ్దంలో రోమ్‌వాడు ప్లినీ రాశాడు, ఇండియాలో రాగీ లేదు సీసమూ లేదు, రత్నాలూ ముత్యాలూ ఇచ్చి కొనుక్కుంటారని. ఆ పక్కనే బ్రిటన్ గురించి రాస్తూ, అక్కడ సీసం నేల పైపైనే ఎంత దొరుకుతుందంటే ఇంతకు మించి తీయకూడదని చట్టం ఉందన్నాడు. మన వాళ్ళు ముత్యాలిచ్చి తెచ్చుకున్న సరుకుని ఇక్కడివాళ్ళు నెత్తిన కప్పుకున్నారు. నాన్నగారికి ఇది చెప్తే "మరి 1,850 ఎక్కువేం కాదులే" అన్నారు.

దొంగల గురించి రెండు ముక్కలు. బే విండో మీది సీసం కోసం దొంగ రాడని కాదు, కానీ వాళ్ళ కన్ను పల్లెల్లోని చర్చిల మీద. రాత్రికి రాత్రి చుట్టేసుకుపోతారు, తెల్లారి వానొస్తే గాని పాస్టర్ గారికి తెలీదు. 2013లో చట్టం తెచ్చి తుక్కు లోహం నగదుకి కొనకూడదన్నారు, అయినా ఆగిపోలేదు. రెండు మూడుసార్లు పోయిన చర్చిలకి సీసం బదులు సీసంలా కనిపించే స్టీలు రేకు వేస్తున్నారు. వేసుకోనివ్వండి, దేవుడికైనా గొడుగు కావాలి. నాకు బాధేసేది రేకుతో పాటు పోయేవాటికి. పాత చర్చి కప్పుల మీద పనివాళ్ళూ ఊరివాళ్ళూ తమ బూటు చుట్టూ గీత గీసి, పేరులో మొదటి అక్షరాలూ సంవత్సరమూ వేసుకునేవాళ్ళు. పిల్లల పాదాలుంటాయి, ఎత్తు మడమల బూట్లుంటాయి. కింద ప్రార్థనకొచ్చేవాడికి అవి ఉన్నాయనే తెలీదు. ఇన్సూరెన్స్ వాళ్ళు సీసానికి కిలోల లెక్కన కడతారు, పాదాలకేం కడతారు.

ఈ పాదాల సంగతి సీసం తాతే తన ఫోన్లో ఫొటోలతో చూపించాడు, ఆఖరి రోజు. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కోటీ చూశారు. చూసి, నా వైపు తిరిగి మెల్లగా "మనం కూడా వేసుకోవచ్చేమో అడుగమ్మా" అన్నారు. అడిగా. ఆయన ముందు కుదరదన్నాడు, చర్చిల మీది సీసం మందం వేరు, ఇది 2.24 మిల్లీమీటర్లు, గీత గీస్తే అక్కడే చీలుతుందని. మళ్ళీ నాన్నగారి మొహం చూశాడు. సంచిలోంచి మొద్దు అంచున్న ఒక చెక్కముక్క తీసి, దీంతో అయితే గీత పడదు, నొక్కు పడుతుంది, రండి అన్నాడు. డెబ్బై రెండేళ్ళ మనిషిని నిచ్చెన ఎక్కనివ్వనని నేను గొడవ పెడితే చెప్పు మాత్రం పైకి పంపించారు. కుడికాలి పారగాన్ చెప్పు, సామర్లకోట బజార్లో కొన్నది. సీసం తాత దాన్ని మూడో ముక్క మధ్యలో పెట్టి చుట్టూ నెమ్మదిగా నొక్కాడు, వేలి పట్టీ దగ్గర రెండుసార్లు. మా బుడ్డోడు సంవత్సరం కూడా వేయమని ఏడ్చాడు గానీ దానికి ఒప్పుకోలేదు.

ఇప్పుడది బూడిదరంగుకొచ్చేసింది. మేడ మీద బెడ్రూం కిటికీలోంచి కిందికి చూస్తే పొద్దున పూట ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు తెలుస్తుంది, మిగతా టైంలో వెతకాలి. మొన్న ఆదివారం వీడియో కాల్‌లో ఫోన్ కిటికీ బయటికి పెట్టి చూపించా. నాన్నగారు చాలాసేపు చూసి "కుడికాలే కదమ్మా? ఎక్కడ పెట్టాడో అక్కడే ఉందా, లేకపోతే చూరు వైపు ఏమన్నా జారిందా?" అన్నారు. టేపు పెట్టి కొలిచి చెప్తానన్నా.